ఎదిగే కాలికి వేలెడు జాగా

2020 నవంబరు 14, శనివారం, ఉదయం పదకొండుంపావు. ఆ రోజు దీపావళి. జర్మనీలో పాడర్‌బోర్న్ నుంచి దక్షిణంగా గంటకు పైగా కారులో వెళితే వచ్చే ఒక కొండల ఊళ్లో, మంచు ఆటల సామాన్లు అమ్మే దుకాణంలో, నా మనవరాలు నిధి ఒక ఖాళీ ప్లాస్టిక్ బూటు డొప్పలో ఎడమ పాదం పెట్టి నిలబడి ఉంది. దుకాణం యజమానురాలు బ్రిగిట్టె నేల మీద మోకాళ్లూని, పిల్ల వేళ్లను డొప్ప ముందుగోడకు ఆనించమని చెప్పి, వెనక మడమకూ ప్లాస్టిక్‌కూ మధ్య తన చూపుడువేలు దూర్చింది. వేలు పట్టింది. దాని పక్కన రెండో వేలు కూడా దూర్చబోయింది. పట్టలేదు. బాగుందన్నట్టు తల ఊపింది. ఆ వేలిని నేను ఇదివరకే చూశాను. యాభై అయిదేళ్ల కిందట వాల్తేరులో, ఇంకో మనిషి చేతికి, ఇంకో పిల్ల మడమ వెనక. దుకాణంలో అందరం మూతికి గుడ్డలు కట్టుకుని ఉండడం వల్ల నా ముఖంలో ఏం మారిందో ఎవరూ చూడలేదు.

నేను ఈ దేశానికి 1978లో వచ్చాను. మా ఆయన కంప్యూటర్ల కంపెనీలో ఇంజనీరు. నేను బల్లలూ బీరువాలూ తయారు చేసే ఒక సంస్థ ఆఫీసులో రిటైరయ్యే దాకా లెక్కలు రాశాను. తేదీ వెయ్యని కాగితం నాకు ఇప్పటికీ కాగితంలా కనిపించదు. ఆయన పోయాక కూతురు మాధవి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నాను. మహమ్మారి రోజులు కాబట్టి దుకాణంలోకి ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్న వాళ్లనే రానిస్తున్నారు, పిల్లతో ఒక్కరినే. మాధవికి ఆఫీసులో ఏదో రిలీజ్ అట. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కారులోనే ఉండిపోయింది. "నువ్వెళ్లమ్మా, నీకు బూట్ల సంగతి తెలుసు కదా" అంది. తెలిసిన మాట నిజమే. అయితే నాకు తెలిసిన బూటు మంచు మీద ఆడుకునేది కాదు.

నిధికి అప్పుడు పదమూడేళ్లు. స్నోబోర్డు, అంటే ఒకే పలక మీద నిలబడి మంచు మీద జారే ఆట, నేర్చుకుంటోంది. మామూలుగా ఆ ఆట వాళ్లు వేసుకునేవి మెత్తని బూట్లు. పలకను అంచు మీద నిలబెట్టి, దాదాపు పడుకున్నంతగా వాలి, మంచును గీసుకుంటూ మలుపులు తిరిగే పద్ధతి ఒకటుంది. నిధిది అదే, దానికి గట్టి బూట్లు కావాలి. బయట గట్టి డొప్ప, లోపల వేడి చేస్తే పాదానికి ఒదిగిపోయే తొడుగు, పిక్క దాకా నాలుగు బకిల్సు, వెనక ఒక మీట. మీట ఒకవైపు వేస్తే చీలమండ ముందుకు వాలి బిగిసిపోతుంది. ఇంకోవైపు వేస్తే కాస్త ఆడుతుంది, నడవచ్చు. నిధి క్లబ్బులో జనవరిలో జట్టుకు పిల్లలను ఎంచుకుంటారు. అప్పటికి ఈ బూట్లకు ఒళ్లు అలవాటు పడాలి. బ్రిగిట్టె ఆ మీటను పైకీ కిందికీ వేసి చూపిస్తుంటే నేను మా చెల్లెలి మోకాలి దగ్గర ఉండే ఇనప ఉంగరాన్ని తలుచుకున్నాను. దాన్ని కిందికి జారిస్తే కాలు నిటారుగా బిగుస్తుంది. పైకి లాగితే వంగుతుంది, కూచోవచ్చు.

మా చెల్లెలు విమల నాకంటే నాలుగేళ్లు చిన్నది. రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. అటూ ఇటూ ఇనప కడ్డీలు ఉన్న తోలు బూటు మీద నడిచి చదువుకుంది, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసింది, రిటైరై విజయనగరంలో ఒక మొదటి అంతస్తు ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆ ఏడు ఆగస్టులో ఆమె బూటు కడ్డీ చీలమండ దగ్గర విరిగింది. విశాఖలో ఆమెకు బూట్లు చేసే షెడ్డు మార్చి నుంచీ మూసి ఉంది. వీధి చివర గేట్లు చేసే వెల్డరు చేత అతికించుకుంది. అతుకు నిలిచింది గానీ, ఆడాల్సిన కీలు ఆడకుండా పోయింది. గోడ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తోంది. డాక్టరు ఫోనులో ఒకటే చెప్పాడు: ఈ వయసులో ఎక్కువ కాలం కూచుండిపోతే ఆ కాలు సంగతి సరే, ఇన్నాళ్లూ బరువంతా మోసిన కుడి మోకాలు కూడా మానేస్తుంది. ఆ శీతాకాలమంతా మా అక్కచెల్లెళ్లకు ఉన్న దిగులు ఒక్కటే. షెడ్డు ముందు తెరుస్తారా, విమల లేచి నిలబడడం ముందు ఆగిపోతుందా.

బ్రిగిట్టె నేల మీంచి లేచేలోపు నా చేతిలో ఫోను మోగింది. కారులోంచి మాధవి.

"అమ్మా, సైజు ఏమన్నారు? ఒక నంబరు పెద్దవే తీస్కోండి. ఎదిగే కాలు కదా! ఈ ఏడు కరెక్టుగా తీసుకుంటే వచ్చే వింటర్‌కి మళ్లీ కొత్తవి కావాలి. లోపల రెండు జతల సాక్స్ వేసుకుంటుంది."

"మామా, నైన్!" అని, అమ్మా వద్దని జర్మన్‌లో, నిధి ఫోనుకేసి అరిచింది. తర్వాత నాకోసం తెలుగులోకి దిగింది. "అమ్మమ్మా, మడమ లేస్తే బోర్డు నా మాట వినదు. మమ్మీకి చెప్పు."

"చూశావా ఎలా మాట్లాడుతుందో? చిన్నప్పుడు నాకు నువ్వు కొన్న ప్రతి బూటూ రెండేళ్లు వచ్చింది. వచ్చిందా, లేదా?"

వచ్చింది. కాదనలేను. ప్రతి అక్టోబరులోనూ ఈ దేశపు దుకాణాల్లో నిలబడి, మాధవి బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి, లోపల ఖాళీ తగిలితే తృప్తి పడి డబ్బు కట్టిన మనిషిని నేనే. "ఎదిగే కాలు" అన్నది మా అమ్మ మాట. జనపనార మిల్లు క్వార్టర్సులో పుట్టిన మాట చెక్కు చెదరకుండా ఇంత దూరం వచ్చి, జర్మన్ యాసతో నాకే ఎదురు తిరిగింది.

మా నాన్న జూట్ మిల్లులో టైమాఫీసు గుమస్తా. మిల్లు కూతతో మా ఇల్లు లేచేది, కూతతో తినేది. వరసగా ఇరవై ఇళ్లు, ముందు వసారా, వెనక చిన్న పెరడు, పెరటి గోడకు అవతల మిల్లు గోదాము. నారకు పట్టించే నూనె వాసన గాలి మళ్లినప్పుడల్లా మా పప్పులోకీ బట్టల్లోకీ వచ్చేది. నాన్న చొక్కా విప్పి దులిపితే కిటికీ ఎండలో నార పీచు బంగారు పొట్టులా ఎగిరేది. అమ్మ తెల్లవారుజామున కుంపటి రాజేసి, ముందు ఒక ఇత్తడి గిన్నెడు ఆముదం దాని మీద పెట్టేది. కాఫీ దాని తర్వాతే. ఆ ఆముదం నాయనమ్మకు. నాయనమ్మ వసారాలో కాళ్లు బారజాపి కూచుని, విమలను అడ్డంగా పడుకోబెట్టుకుని, ఆ సన్నటి కాలికి తొడ దగ్గర్నుంచి వేళ్ల దాకా గోరువెచ్చని ఆముదం పట్టించేది. మర్దన చేస్తున్నంతసేపూ ఆ కాలితో మాట్లాడేది. "ఏటమ్మా, ఇంకా అలక తీరనేదా? అక్క చూడు ఎలా గెంతుతున్నాదో" అని కాలిని బతిమాలేది. విమలతో కాదు, కాలితో. విమల నా వైపు చూసి కళ్లెగరేసేది.

మర్దన అయ్యాక ఇసుక. పెరట్లో నడుం లోతు గొయ్యి తీసి చంపావతి ఏటి ఇసుకతో నింపారు. పొద్దెక్కి ఇసుక వెచ్చబడ్డాక విమలను అందులో నిలబెట్టి, చుట్టూ ఇసుక కప్పి, కదలకుండా చేసేవారు. అలా నిలబెడితే కాలికి బలం వస్తుందని ఊళ్లో అందరూ నమ్మిన వైద్యం. మొక్కలా మట్టిలోంచి లేచిన సగం పిల్ల, చేతిలో పలకా బలపం. నేను గొయ్యి పక్కన కూచుని ఎక్కాలు చెప్పించేదాన్ని. ఇసుకలో ఉన్నంతసేపూ పారిపోలేదు కాబట్టి నాకు దొరికిన మంచి విద్యార్థి అదే. పదమూడో ఎక్కం దానికి ఆ గోతిలోనే వచ్చింది.

ఇక అమ్మ సంగతి. మా ఇంట్లో ఏదీ ఒంటికి సరిగ్గా కుట్టించేవారు కాదు. కొత్త పరికిణీ అంటే నేల మీద ఈడ్చేంత పొడుగు గుడ్డకు అంచు పైన మూడు మడతలు వేసి కుట్టినది. ప్రతి ఉగాదికీ ఒక మడత విప్పేవారు. విప్పిన చోట గుడ్డ వెలవకుండా ముదురు రంగులో గీతలా కనిపించేది. ఆ గీతలు లెక్కపెడితే పిల్ల ఆ పరికిణీలో ఎన్నేళ్లు ఉందో చెప్పొచ్చు. రవికలకు చంకల కింద గుడ్డ వదిలేవారు. చెప్పులు మడమ దాటి రెండు వేళ్లు వెనక్కి ఉండేవి. "ఎదిగే పిల్లలు" అనేది అమ్మ, కాదంటే పాపం అన్నట్టు. మా వరసలో ఇరవై ఇళ్లలోనూ ఇదే పద్ధతి. సరిగ్గా అతికినట్టున్న బట్ట వేసుకున్న పిల్లను చూస్తే, దీనికి ఇది ఆఖరి ఏడు, వచ్చే ఏటికి చెల్లెలి పాలు అనుకునేవాళ్లం.

విమల బూటు కూడా ఆ లెక్కలోనే చేరింది. రెండేళ్లకోసారి పాసింజరు రైలెక్కి వాల్తేరు వెళ్లేవాళ్లం. ఒక రేకుల షెడ్డులో బూట్ల మేస్త్రి ఉండేవాడు. లోపల తడి తోలూ జిగురూ కలిసిన ఘాటు. మేస్త్రి నేల మీద గోధుమరంగు కాగితం పరిచి, విమలను దాని మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలు గీసేవాడు. గీత పూర్తి కాకముందే అమ్మ అనేది: "ఎదిగే కాలు, వేలెడు వదలండి మేస్త్రి గారూ." ఆయన తల ఎత్తకుండా, "అందరూ అదే అంటారమ్మా, వదిలేను" అని గీత బయట ఇంకో గీత గీసేవాడు. అడిగినట్టు చేసి ఇవ్వడం ఆయన పద్ధతి. ఆ ఇంకో గీత ప్రకారం వచ్చిన బూటులో ముందు వైపు నాయనమ్మ పాత చీర పేలికలు కుక్కేది. అడుగు ఎత్తినప్పుడల్లా విమల మడమ లోపల లేచి, దించినప్పుడు తోలుకు రాసుకునేది. మడమ మీద పుండు మానడం, మళ్లీ లేవడం మా ఇంట్లో ఋతువుల్లా తిరిగేవి. బూటు దాని వెనక వచ్చేది, కాలితో వచ్చేది కాదు. నాలుగు ఇళ్లు దాటేసరికి కూలబడేది. అందుకే బడికి నాన్న సైకిలు మీద తీసుకెళ్లి, ఎత్తుకుని బల్ల మీద కూచోబెట్టి వచ్చేవాడు.

ఆ గోధుమరంగు కాగితాలు మేస్త్రి పని అయ్యాక మాకే ఇచ్చేసేవాడు. అమ్మ అటక మీద డబ్బాల కింద పరిచేది. ఒక వేసవిలో డబ్బాలు తుడుస్తూ నేను రెండు కాగితాలు తీసి, కిటికీకి ఆనించి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. రెండేళ్ల తేడాతో గీసిన రెండు పాదాలు. గీత మీద గీత పడింది. ఆ రోజు అన్నాల దగ్గర చెప్పేశాను. "అమ్మా, విమల ఎడమ కాలు ఎదగలేదు. కుడిదే ఎదుగుతోంది. నేను కొలిచాను." అమ్మ చారు వడ్డిస్తోంది. గరిటె నాన్న కంచం మీద ఆగింది. "లెక్కలు బళ్లో చెయ్యి" అంది అమ్మ. నాన్న తల వంచుకుని తిన్నాడు. నాయనమ్మ మజ్జిగ కోసం లేచి వెళ్లిపోయింది. విమల మాత్రం నా వైపు చాలాసేపు చూసింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

అమ్మకు తెలియదేమో అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. లోకంలో ఇంత సులువైన సంగతి ఎలా తెలియలేదని లోపల్లోపల కోపంగా కూడా ఉండేది. ఎదురింటి ఆవిడ వీధిలో నడిచి వెళుతుంటే చూసి, టేపు పట్టకుండా రవిక కత్తిరించి ఇచ్చే మనిషి మా అమ్మ. ఆ మనిషికి రోజూ తన చేత్తో పట్టీలు కట్టే పాదం ఎంత ఉందో తెలియకపోవడమా? వేలెడు వదలడం మానేస్తే ఆ కాలు ఇంక ఎదగదని తన నోటితో మేస్త్రికి చెప్పినట్టవుతుంది. చెప్పలేకపోయింది. ఇది నాకు అర్థం కావడానికి నేను తల్లిని కావలసి వచ్చింది.

1965లో విమల అయిదు పాసైంది. హైస్కూలు రైలు గేటు అవతల, మైలు దూరం. నాన్నకు అప్పుడే పొద్దుటి షిఫ్టు పడింది. సైకిలు కుదరదు. ఆరో తరగతి మేడ మీద. నాన్న వెళ్లి అడిగితే హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు: పిల్ల తెలివైనదని విన్నాను, కానీ మేడ మీదికి ఎత్తుకెళ్లే మనిషిని నేను పెట్టలేను, తన కాళ్ల మీద తను వచ్చి కూచోగలిగితే చేర్చుకుంటాను, లేకపోతే ఇంట్లో చదివించి ప్రైవేటుగా పరీక్ష కట్టించండి. ఇంట్లో చదివించడమంటే ఏమిటో మాకు తెలుసు. మూడో ఇంట్లో చూపు సరిగా లేని పిల్లను అలాగే ఇంట్లో చదివిస్తూ, కూరలు తరగడం దాకా చదివించారు.

ఏప్రిల్ నెలాఖరున వాల్తేరు వెళ్లాం. అమ్మ, విమల, నేను. ఎప్పటిలాగే కాగితం పరిచారు, పెన్సిలు పాదం చుట్టూ తిరిగింది. అమ్మ నోరు తెరిచింది. విమల ముందే అనేసింది.

"మేస్త్రి గారూ, నాకు వేలెడు వద్దు. నా కాలు ఎంతుందో అంతే కుట్టండి."

"ఏటే ఆ మాటలు?" అంది అమ్మ. "రేపు ఎదిగితే?"

"ఎదిగితే అప్పుడు ఏడుస్తాలే. ఇప్పుడు నడవనీ."

మేస్త్రి పెన్సిలు పట్టుకుని అలాగే కూచున్నాడు. ఎవరి మాట వినాలో ఆయనకు తెలియలేదు. అమ్మ షెడ్డు బయటికి వెళ్లి, రేకుల గోడ వైపు తిరిగి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని తిరిగి వచ్చింది. విమల వైపు చూడలేదు. "అది చెప్పినట్టే చెయ్యండి" అంది. మేస్త్రి బూటు నమూనా తెచ్చి విమల కాలికి పెట్టి, మడమ వెనక ఒక్క వేలు దూర్చి చూశాడు. వేలు కష్టంగా పట్టింది. చాలన్నాడు. తిరుగు రైల్లో అమ్మ, అలమండ స్టేషన్లో ముంజలు అమ్మకానికి వస్తే కొని, ముందు విమల చేతిలో పెట్టింది.

కొత్త బూటు వచ్చాక విమల మే నెలంతా క్వార్టర్సు వరసలో నడిచింది. మొదట నాలుగు ఇళ్లు, తర్వాత ఎనిమిది, తర్వాత వరస చివర కుళాయి దాకా. నాయనమ్మ వసారాలో కూచుని, "అలక తీరిందమ్మా" అని కాలిని మెచ్చుకుంది. జూన్‌లో బడి తెరిచిన రోజు నేను దాని పక్కనే నడిచాను. చెయ్యి ఇవ్వబోతే విదిలించింది. రైలు గేటు దగ్గర ఒకసారి ఆగాం, గేటు వేసి ఉంది కాబట్టి. మేడ మెట్ల దగ్గర హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచి కాలు పై మెట్టు మీద వేయడం, కమ్మీ పట్టుకుని బూటును పైకి లాక్కోవడం, ఊపిరి పీల్చుకోవడం. అలా మెట్లన్నీ ఎక్కింది. బల్ల మీద కూచుని, మోకాలి దగ్గర ఉంగరం పైకి లాగి, కాలు వంచుకుని, పుస్తకం తీసింది. అప్పుడు గంట కొట్టారు.

నిధి జర్మన్‌లో ఏదో రెండుసార్లు అడిగాక నేను ఆ జ్ఞాపకంలోంచి దుకాణంలోకి తిరిగి వచ్చాను. "సరిగ్గా ఉన్నవే ఇవ్వండి" అని బ్రిగిట్టెతో చెప్పాను. ఫోనులో మాధవి ఇంకా లైనులోనే ఉంది. "నువ్వేనా అమ్మా ఈ మాట అంటోంది?" అంది. నేనేనన్నాను. వచ్చే ఏడు కావలసి వస్తే వచ్చే ఏడే కొందాం, పిల్లకు కావలసింది ఈ జనవరిలో అన్నాను. నిధి నా భుజం మీద తల వాల్చబోయి, దూరం పాటించాలన్నది గుర్తొచ్చి, మోచేత్తో నా మోచేతిని తాకింది.

బ్రిగిట్టె లోపలి తొడుగులను చిన్న పొయ్యిలో పెట్టింది. అవి వేడెక్కి మెత్తబడ్డాక పిల్ల వాటిలో కదలకుండా నిలబడాలి. చల్లారేసరికి ఆ పాదం ఆకారం అందులో నిలిచిపోతుంది. నిధి బకిల్సు బిగించుకుని, మోకాళ్లు కాస్త వంచి నిలబడి ఉండగా నేను విమలకు వీడియో చేశాను. అక్కడ సాయంత్రం నాలుగు దాటింది.

"ఏటక్కా, పండగపూట బూట్ల కొట్లో ఏటి చేస్తన్నావు?" అంది విమల.

నిధిని చూపించాను. బూట్లు చూపించాను. "అమ్మో, అది నా బూటుకి అక్కలా ఉందే. ఇనప్పెట్టెలో కాళ్లు పెట్టుకుని కొండ మీంచి జారడానికి డబ్బులిచ్చి మరీ కొంటన్నారా? నాకైతే ఊరికే ఇచ్చాడు దేవుడు" అని నవ్వింది. నిధికి సగమే అర్థమైంది. ఆ సగానికే నవ్వింది.

నేను బ్రిగిట్టెను పిలిచి, విమలను తన బూటు కెమెరా ముందు పెట్టమన్నాను. అతుకు పడిన కడ్డీ, కరుడుగట్టిన కీలు, బూటు మెడ దగ్గర ఖాళీ. మూడు నెలలు కూచోవడంతో ఆ సన్నటి పిక్క ఇంకా సన్నబడింది. బూటు వదులైంది. బ్రిగిట్టె కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. కీలు మారిస్తే సరిపోదని, బూటు మొత్తం ఆ కాలికి మళ్లీ అమర్చాలని చెప్పింది. మీరు చెయ్యగలరా అని అడిగాను. కొలతలు పంపిస్తాం, కాగితం మీద పాదం గీసి ఫొటో తీసి పంపిస్తాం అన్నాను. అప్పటికి ఎనిమిది నెలలుగా ప్రపంచమంతా తెర మీదే నడుస్తోంది. నిధి చదువు, మాధవి ఉద్యోగం, నా డాక్టరు, సత్యనారాయణ వ్రతం, అన్నీ. ఇది మాత్రం ఎందుకు కుదరదని నా వాదన.

"కాలు ఇక్కడ ఉండాలి" అంది బ్రిగిట్టె. తన రెండు చేతులూ చూపించింది. "నొప్పి ఎక్కడుందో ఫొటోలో కనిపించదు. వేలు పెట్టి చూస్తేనే."

విమలకు తెలుగులో చెప్పాను. "అయితే కాలు పంపడం కష్టం గానీ, ఆవిడ్నే పార్సిల్ చేసీ అక్కా" అంది. నేను అది జర్మన్‌లో చెబితే బ్రిగిట్టె నవ్వి, వస్తానంది. విమల కూడా నవ్వింది. ఈలోగా నిధి కాళ్ల మీద తొడుగులు చల్లారాయి. "పస్ట్!" అంది పిల్ల, సరిపోయాయని. బకిల్సు విప్పకముందే మడమ ఎత్తబోయి చూపించింది. లేవలేదు.

ఆ శీతాకాలం మంచు బాగా పడింది. జారేవాళ్లను కొండ మీదికి చేర్చే లిఫ్టులు మాత్రం తెరవలేదు. డిసెంబరు సగంలో దుకాణాలు కూడా మూసేశారు. జనవరి ఎంపిక రద్దయింది. నిధి సాయంత్రాలు హాల్లో కార్పెట్ మీద ఆ బూట్లు వేసుకుని, మోకాళ్లు వంచి, కిటికీ వైపు చూస్తూ నిలబడేది. ఫిబ్రవరిలో వేళ్లు ముందుగోడకు తగులుతున్నాయంది. వేసవి తర్వాత పాదం అందులోకి వెళ్లనే లేదు. మాధవి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఒక నంబరు పెద్దవి తీసుకుని ఉంటే తర్వాతి ఏటికి పనికొచ్చేవి. మా అమ్మ లెక్క ప్రకారం అమ్మే సరి. కానీ అదే లెక్క ఇంకో కాలికి పెట్టినప్పుడు ఏమైందో చూసినదాన్ని కాబట్టి, మళ్లీ ఆ దుకాణంలో నిలబెట్టి అడిగినా నేను సరిగ్గా ఉన్నవే ఇవ్వమంటాను. సరిగ్గా కొలిచినంత మాత్రాన లోకం తలుపు తెరిచి ఉంచుతుందన్న భరోసా మాత్రం నాకు ఇప్పుడు లేదు. అప్పట్లో పిల్ల నడవగలిగితే చాలు, బడి తలుపు తెరిచే ఉండేది.

విశాఖ షెడ్డు ఒకసారి తెరిచి, రెండో విడత జబ్బు వచ్చినప్పుడు మళ్లీ మూశారు. 2021 సెప్టెంబరులో నిలకడగా తెరిచాక విమలను కారులో పడుకోబెట్టి తీసుకెళ్లారు. పాదం గీశారు, పిక్క కొలిచారు, వేలు పెట్టి చూశారు. నేను డిసెంబరులో వెళ్లగలిగాను. కొత్త బూటు మంచం పక్కన ఉంది. పని చాలా శుభ్రంగా ఉంది, ఎక్కడా వదులు లేదు. నేనే తొడిగి పట్టీలు కట్టాను. ఉంగరం కిందికి జార్చాను. కిటికీ కమ్మీ పట్టుకుని లేచింది. ఎడమ కాలు బూటులో నిటారుగా నిలబడింది. కుడి మోకాలు వణికింది, వంగింది. మూడుసార్లు లేపాను. నాలుగోసారి తనే వద్దంది.

"బూటు బాగుందక్కా," అంది కూచుంటూ. "నేనే సరిపోలేదు."

ప్రాణాలు ఏవీ పోలేదు. పోయినవి ఇవి. నిధికి ఒక శీతాకాలం, జట్టులో ఒక చోటు, మంచు తగలకుండానే చిన్నవైపోయిన ఒక జత బూట్లు. నాకు విజయనగరంలో ఉండాల్సిన ఒక డిసెంబరు. విమలకు మేడ మెట్లు, దిగడమూ ఎక్కడమూ. కూరలబండి దాకా వెళ్లి వంకాయలు తనే ఏరుకోవడం. పొయ్యి దగ్గర నిలబడి దోసె తిరగెయ్యడం. తలుపు కొడితే వెళ్లి తియ్యడం. రాత్రి ఒకరిని పిలవకుండా లేవడం.